అక్క ఫోను మార్చిన వారం

మా అక్క తెనాలిలో జాకెట్లు కుడుతుంది. ఇంటి ముందుగదిలో మిషను, కటింగ్ బల్ల, గోడవారన ఇనప బీరువా, ఓ మూల ఇస్త్రీ పెట్టె. పాతికేళ్లుగా అదే గది, అదే పని. ఇదివరకు కుట్టించుకునేవాళ్లు ఆది జాకెట్టు పట్టుకొచ్చి, ఎదురుగా నిలబడి, మెడ ఎంత లోతు కావాలో వేలితో చూపించేవాళ్లు. ఇప్పుడు వాట్సాప్‌లో ఫొటో పంపిస్తారు. "అక్కా, వెనక మెడ ఇలా, చేతులు మాత్రం ఆ రెండో ఫొటోలో లాగా" అని కింద ఒక వాయిస్ మెసేజి. కొలతలు, బాకీలు, "రేపు పొద్దున్నే పెళ్లక్కా" అనే బతిమాలుకోవడాలు, అన్నీ ఫోనులోనే నడుస్తాయి. సగం దుకాణం ఆ ఫోనులోనే ఉంది.

ఆ ఫోను 2017లో కొన్నది. ఆరువేల రూపాయలు. 2 జీబీ ర్యామ్, 16 జీబీ స్టోరేజి. నిరుడు ఆషాఢం ఆఖర్లో, శ్రావణం పెళ్లిళ్ల జాకెట్లు బీరువా నిండా పేరుకుని ఉన్న రోజుల్లో, పొద్దున్నే నాకు ఫోను చేసింది. "ఒరేయ్, డబ్బుల యాప్ తెరుచుకోవట్లేదురా. ఈ ఫోనుకి ఇక పనిచేయదని ఇంగ్లీషులో ఏదో వస్తోంది" అంది. గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ మాత్రం పనిచేస్తూనే ఉంది. వచ్చినవాళ్లు స్కాన్ చేసి, "పంపానక్కా" అని వెళ్లిపోతున్నారు. వచ్చాయో లేదో చూసుకునే దారి అక్కకు లేదు. వారం రోజులు మనుషుల మాట మీద జాకెట్లు ఇచ్చింది. ఒకళ్లిద్దరి దగ్గర తేడా వచ్చింది కూడా. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో చెప్పింది.

పదివేలు, పన్నెండువేలు పెట్టి ఫోను కొనుక్కునే ఇంట్లో పాత ఫోను నుంచి కొత్త ఫోనుకు మారడం ఎలా ఉంటుందో ఇవాళ మీకు చెబుదామనుకున్నాను. లక్ష రూపాయల ఫోన్ల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. మన దగ్గర ఎక్కువమంది చేతుల్లో ఉన్నవి ఈ చవక ఫోన్లే. పింఛను మెసేజి, గ్యాస్ బుకింగ్, పిల్లల స్కూలు గ్రూపు, ఉపాధి హామీ పని దగ్గర మేస్త్రీ తీసే హాజరు ఫొటో, అంగన్‌వాడీ టీచరు నింపే పోషణ వివరాలు, అన్నీ వీటి మీదే జరుగుతున్నాయి. ఫోను ఆగితే ఇంట్లో ఏదో ఒక పని ఆగుతుంది. అందుకే దీన్ని కాస్త శ్రద్ధగా మాట్లాడుకోవాలి.

నేను వెళ్లేసరికి అక్క అన్న మొదటి మాట: "దీన్ని కింద కూడా పడేయలేదురా నేను, ఎందుకిలా అయింది?" తనవల్లే ఏదో తప్పు జరిగినట్టు అడిగింది. ఈ మాట నేను చాలామంది నోట విన్నాను. ముఖ్యంగా ఆడవాళ్ల నోట, పెద్దవాళ్ల నోట. ఫోను నెమ్మదిస్తే తమకు వాడటం రాక అనుకుంటారు. వాళ్ల తప్పేమీ లేదు.

అక్కకు తన గదిలో సామానుతోనే చెప్పాను. ఆ కటింగ్ బల్ల ఉంది చూశావూ, అది ర్యామ్. ఆ బీరువా ఉందే, అది స్టోరేజి. గుడ్డ బీరువాలో ఎంత ఉన్నా, బల్ల మీద పరిస్తేగాని కత్తెర పెట్టలేవు. బల్ల చిన్నదైతే ఒక గుడ్డ మడిచి పక్కన పెట్టాకే ఇంకోటి పరచాలి. 2 జీబీ బల్ల మీద ఆ రోజుల్లో రెండు మూడు యాప్‌లు సర్దుకునేవి. ఇప్పుడు ఒక్కో యాప్ పట్టుచీరలా బల్లంతా పరుచుకుంటోంది. వాట్సాప్‌లో డిజైను చూస్తూ కెమెరా తెరిస్తే వాట్సాప్ మూతపడిపోయేది అందుకే.

బీరువా సంగతి ఇంకా కష్టం. డబ్బా మీద 16 జీబీ అని ఉన్నా, అందులో దాదాపు సగం ఫోను సొంత సామానుకే పోతుంది. మిగిలిన సగంలో ఎనిమిదేళ్ల జాకెట్లు. పైగా అక్క ఒక ఫొటో తీసి వాట్సాప్‌లో పంపిందంటే, తీసింది ఒకచోట, పంపిన కాపీ ఇంకోచోట ఉంటాయి. ఒకే జాకెట్టు రెండు అరల్లో. బీరువా నిండేకొద్దీ ఫోను కూడా బరువెక్కుతుంది. ఈ చిప్పుల్లో కొత్తది రాయాలంటే ఖాళీ గడి దొరకాలి. ఖాళీ లేనప్పుడు పాతదాన్ని పక్కకు జరిపి, గడి తుడిచి, అప్పుడు రాయాలి. చవక ఫోన్లలో వాడిన ఈఎంఎంసీ రకం మెమరీ అసలే నిదానం. అందులోనూ కిక్కిరిసి ఉంటే, నొక్కిన బటను పలకడానికి కూడా క్షణాలు పడుతుంది. అక్క ఆ క్షణాలకు అలవాటు పడిపోయింది. బటను నొక్కి, ఒక హుక్కు కుట్టి, మళ్లీ ఫోను వైపు చూసేది.

ఫోను నిదానించడానికి ఇదీ కారణం. డబ్బుల యాప్ పూర్తిగా తెరుచుకోకపోవడానికి మాత్రం కారణం బల్లా కాదు, బీరువా కాదు. ఆండ్రాయిడ్ వెర్షన్. ప్రతి ఏడాదీ గూగుల్ ఒక కొత్త ఆండ్రాయిడ్ తెస్తుంది. దాన్ని మన ఫోనుకు అందించాల్సింది ఫోను చేసిన కంపెనీ. ఆ రోజుల్లో ఆరువేల ఫోనుకు ఒక్క వెర్షన్ పెరిగితే గొప్ప. ఆ తర్వాత కొన్నాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వచ్చి, అవీ ఆగిపోయేవి. యాప్ చేసేవాళ్లు పాత వెర్షన్లను ఒక్కొక్కటిగా వదిలేస్తూ వస్తారు. 2023 అక్టోబరు 24 నుంచి వాట్సాప్‌కు కనీసం ఆండ్రాయిడ్ 5 ఉండాలన్నారు. డబ్బుతో పని ఉన్న యాప్‌లు అంతకన్నా ముందే గీత పైకి జరుపుతాయి, జరపాలి కూడా. తాళంలో లోపం ఉందని తెలిసిన ఇంట్లో బ్యాంకువాళ్లు డబ్బు పెట్టనివ్వరు కదా.

ఇక్కడే నాకు అసలు ప్రశ్న దొరికింది. ఫోను కొనబోతూ మనం ఎన్ని మెగాపిక్సెళ్లు అని అడుగుతాం, ఎన్ని జీబీలు అని అడుగుతాం. ఎన్నేళ్లు అని అడగం. అక్క 2017లో అడగలేదు, పక్కనే ఉన్న నేనూ అడగలేదు. ఆ ఆరువేల ఫోను ఎనిమిదేళ్లు వాడింది కాబట్టి ఏడాదికి 750 రూపాయలు పడ్డట్టు. అంతకన్నా చవక ఏముంది అనిపిస్తుంది. కానీ ఆ ఎనిమిదేళ్లలో సగానికి పైగా కాలం సెక్యూరిటీ అప్‌డేట్ లేని ఫోనులో బ్యాంకు ఖాతా పెట్టుకుని తిరిగింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

చవక ఫోను అనే మాట మన చెవికి అలవాటైంది 2014 ప్రాంతాల్లో. ఆ ఏడాది మేలో మోటో ఈ 6,999 రూపాయలకు వచ్చింది. సెప్టెంబరులో రెడ్‌మీ 1ఎస్ 5,999కి. ఆన్‌లైనులో అమ్మకం మొదలైన కాసేపటికే అయిపోయేవి. మరుసటి ఏడాది ఆగస్టు 10న విశాఖపట్నంలో రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విడుదల చేశారు. అది మన శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో తయారైన ఫోను. ఆ లైన్ల మీద పనిచేసినవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలే. ఆ ఫోన్లలో కొన్ని మన ఊళ్లకే వచ్చాయి, మనమే కొన్నాం. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు సంతోషంగా ఉంటుంది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చాక డేటా చవకై, ఫోను లేనివాళ్లు కూడా కొన్నారు. అక్క కొన్నది ఆ ఊపులోనే.

ఇప్పుడు ఆరువేలకు అలాంటి ఫోను ఆశించడం కష్టం. 2020 ఏప్రిల్ 1 నుంచి మొబైల్ ఫోన్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 18 శాతం అయింది. 2025 చివర్నుంచి మెమరీ చిప్పుల ధరలు కూడా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లకు చిప్పులు కావాలి, లాభం అక్కడ ఎక్కువ, తయారుచేసేవాళ్లు అటు మొగ్గారు. ఆ దెబ్బ ముందుగా తగిలేది చవక ఫోనుకే. పన్నెండువేల ఫోను ఖర్చులో మెమరీ వాటా పెద్దది కాబట్టి.

అయితే ఒక మంచి మార్పు వచ్చింది. 2023లో గూగుల్ పిక్సెల్ 8కు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది. అది ఖరీదైన ఫోను, మనకెందుకులే అనుకున్నాం. మరుసటి ఏడాది శామ్‌సంగ్ ఏ16 5జీకి ఆరేళ్లన్నారు. 2025 ఫిబ్రవరిలో అదే కంపెనీ ఎఫ్06 5జీకి నాలుగు ఆండ్రాయిడ్ వెర్షన్లు, నాలుగేళ్ల సెక్యూరిటీ అని ప్రకటించింది. అది ఆఫర్లతో కలిపి పదివేల లోపు మొదలైన ఫోను. యూరపులో 2025 జూన్ 20 నుంచి చట్టమే తెచ్చారు, అమ్మకం ఆపిన తర్వాత కూడా కనీసం ఐదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలని. మన దేశంలో మనిషి తన కూలి డబ్బుతో కొనుక్కున్న ఫోనుకు కూడా అలాంటి హామీ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అది వచ్చేదాకా మనమే అడిగి తెలుసుకోవాలి. షాపులో కుర్రాడికి తెలియకపోవచ్చు. కంపెనీ సొంత ప్రకటనలో ఉంటుంది. ఇంకో చిక్కుంది. ఆ లెక్క మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడలు మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. రెండేళ్ల కిందటి మోడలు తగ్గింపు ధరకు దొరికిందంటే, అందులో రెండేళ్లు అప్పటికే ఖర్చయిపోయాయన్నమాట.

సరే, బోసు రోడ్డులో ఒక షాపుకు వెళ్లాం. అక్క చేతిసంచిలో డబ్బుతోపాటు ఒక గుడ్డముక్క పెట్టుకుని వచ్చింది. ఎందుకో నాకు చెప్పలేదు.

కుర్రాడు చురుకైనవాడు. "ఆంటీ, ఇది చూడండి, 8 జీబీ ర్యామ్" అన్నాడు. డబ్బా తిప్పి చూస్తే 4 జీబీ ప్లస్ 4 జీబీ అని ఉంది. ఆ రెండో నాలుగు ఏంటి బాబూ అని అడిగాను. వర్చువల్ ర్యామ్ సార్ అన్నాడు. అంటే స్టోరేజీలో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం. అక్క వెంటనే, "బల్ల చాలక బీరువా అరలో గుడ్డ పరిచి కత్తిరించినట్టా?" అంది. అంతకన్నా బాగా నేను చెప్పలేను. అర అరే, బల్ల బల్లే. అసలు ర్యామ్ ఎంతో అదొక్కటే లెక్క. ఇవాళ కొని నాలుగైదేళ్లు వాడాలనుకునేవాళ్లు 6 జీబీ కన్నా తగ్గకుండా చూసుకోవాలి. స్టోరేజి 128 జీబీ. డబ్బు చాలకపోతే కెమెరా హంగులు వదులుకోండి. ఈ రెండూ వదులుకోవద్దు.

తర్వాత వాడు కెమెరా చూపించాడు. 50 మెగాపిక్సెల్ అన్నాడు. అప్పుడు అక్క సంచిలోంచి గుడ్డముక్క తీసింది. వంకాయ రంగు పట్టు. జరీ అంచు ఓ వేలెడు. "దీన్ని తియ్యి బాబూ" అంది. షాపు ట్యూబులైటు కింద తీస్తే గుడ్డ నీలంగా వచ్చింది. ఇంకో ఫోనులో తీశాడు, అదీ నీలమే, కాకపోతే కాస్త మెరుపు. అక్క ముక్కను పట్టుకుని షాపు బయటికి, వెలుతుర్లోకి నడిచింది. ఫోన్లు పట్టుకుని వాడూ వెనకే వచ్చాడు. నాలుగో ఫోనులో వంకాయ రంగు వంకాయ రంగులాగే కనిపించింది. "ఇదీ" అంది అక్క.

ఆమె బాధ నాకప్పుడు అర్థమైంది. పాత ఫోనులో ఫొటో తీసి, లైనింగ్ గుడ్డ కోసం కొట్టుకు పంపితే, వాళ్లు నీలం లైనింగు పంపేవాళ్లు. రెండుసార్లు తిప్పి పంపాల్సి వచ్చిందట. ఆమెకు కావాల్సింది రంగు సరిగ్గా తీసే ఫోను. 50 మెగాపిక్సెల్ అని రాసి ఉన్న కెమెరాలు మామూలుగా నాలుగు చుక్కల్ని ఒకటిగా కలిపి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫొటోయే ఇస్తాయి. అందులో మోసం ఏమీ లేదు, చీకట్లో అది మంచిదే. కానీ ఆ అంకె చూసి రంగు తెలియదు. మీ పనికి ఏది ముఖ్యమో ఆ వస్తువును చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లండి. ఎరువుల కొట్టాయన బిల్లు కాగితం తీసుకెళ్లి ఫొటో తీసి అక్షరాలు చదవాలి. చెవి మందగించిన పెద్దాయన ఫోనెత్తి మాట్లాడి చూడాలి.

5జీ గురించి ఒక మాట. మన దేశంలో అది 2022 అక్టోబరు 1న మొదలైంది. 5జీ అని రాసి ఉన్న ఫోనుల్లో అన్ని నెట్‌వర్కులనూ అందుకోనివి ఉన్నాయి. జియో మొదట్నుంచీ ఎస్‌ఏ అనే పద్ధతిలో నడుపుతోంది. ఎయిర్‌టెల్ ఎన్‌ఎస్‌ఏ అనే పద్ధతితో మొదలుపెట్టింది. పదివేల లోపు ఫోన్లలో కొన్ని ఎస్‌ఏ ఒక్కటే పట్టుకుంటాయి. మీ సిమ్ ఏదో చెప్పి, మీ సిమ్మే ఆ ఫోనులో వేయించి చూసుకోండి. డబ్బాలో చార్జరు ఉందో లేదో కూడా చూసుకోండి, కొన్నిటిలో ఇప్పుడు ఉండటం లేదు.

బిల్లు దగ్గర కుర్రాడు పాత ఫోను ఎక్స్‌చేంజి ఇస్తే 400 తగ్గిస్తానన్నాడు. అక్క ఫోనును రెండు చేతులతో పట్టుకుని, "వద్దు బాబూ" అంది. ఆ క్షణాన ఆమె చేసిన పని ఎంత మంచిదో ఆ వారమంతా నాకు తెలుస్తూ వచ్చింది. కొత్త ఫోను అన్ని విధాలా నిలదొక్కుకునేదాకా పాతదాన్ని చేతిలోంచి పోనివ్వకూడదు.

కొనడం గంటన్నరలో అయింది. మారడానికి వారం పట్టింది.

మొదటి గోడ జీమెయిల్. కొత్త ఫోను తెరవగానే గూగుల్ ఖాతా, పాస్‌వర్డు అడిగింది. తనకు జీమెయిల్ ఉందని కూడా అక్కకు తెలియదు. 2017లో ఫోను అమ్మిన కుర్రాడు అప్పటికప్పుడు ఒకటి తయారుచేసి పెట్టాడు. మన ఊళ్లలో ఎన్ని లక్షల ఖాతాలు ఇలా షాపు కుర్రాళ్లు పెట్టినవో! పేరొకటి, పుట్టినతేదీ ఇంకొకటి, పాస్‌వర్డు గాలికి. అక్క కాసేపు ఆలోచించి, మిషను సొరుగులోంచి పాత ఫోను డబ్బా తీసింది. ఎనిమిదేళ్లుగా అందులో జాకెట్టు హుక్కులు పోసుకుంటోంది. హుక్కులు బల్ల మీద గుమ్మరించి చూస్తే, మూత లోపల బాల్‌పెన్నుతో రాసి ఉంది. హుక్కుల రాపిడికి సగం అక్షరాలు అరిగిపోయాయి. ఆఖరి అంకె ఒకటో, ఏడో తేలలేదు. రెండూ కొట్టి చూశాం, కుదరలేదు.

పాత ఫోను మా దగ్గరే ఉంది కాబట్టి బయటపడ్డాం. పాస్‌వర్డు మరచిపోయామని నొక్కితే, ఆ ఖాతా తెరిచి ఉన్న పాత ఫోనుకే గూగుల్ కబురు పంపింది, ఇది మీరేనా అని. అవునన్నాం. కొత్త పాస్‌వర్డు అక్కే పెట్టుకుంది, తనకు మాత్రమే తెలిసే మాటతో. కొలతల పుస్తకం వెనక పేజీలో రాసుకుంది. 400 రూపాయలకు ఆ ఫోను ఇచ్చేసి ఉంటే ఈ దారి మూసుకుపోయేది. ఈ ప్రసంగం వింటున్నవాళ్లు ఫోను మార్చే ఆలోచన ఉన్నా లేకపోయినా, ఇవాళే మీ ఫోనులో ఏ జీమెయిల్ ఉందో, దాని పాస్‌వర్డు మీకు తెలుసో లేదో చూసుకోండి. అమ్మకు, అత్తయ్యకు, పక్కింటి పెద్దాయనకు కూడా చూసిపెట్టండి.

రెండోరోజు ఫోను నంబర్లు. అవి మూడు చోట్ల ఉంటాయి. కొన్ని సిమ్‌లో, కొన్ని ఫోనులో, కొన్ని గూగుల్ ఖాతాలో. గూగుల్ ఖాతాలోవి వాటంతటవే వచ్చాయి. సిమ్‌లో పేరుకు చోటు తక్కువ, తెలుగులో రాస్తే ఇంకా తక్కువ. "బ్యాంకు మేడంగారి క" అని ఒక పేరు అక్కడితో ఆగిపోయింది. కోడలా, కూతురా? అక్క నంబరు చూసి కోడలంది. అలాంటివి ముప్పై దాకా ఒక్కొక్కటే సరిచేసి, అన్నీ గూగుల్ ఖాతాలోకి చేర్చాం.

మూడోరోజు వాట్సాప్. ఇందులో చాలామంది తొందరపడతారు. సిమ్ కొత్త ఫోనులో వేసి, నంబరు కొట్టి లోపలికి వెళ్లిపోతారు. అలా వెళ్లాక పాత చాట్లు లేవని ఏడుస్తారు. పాత ఫోనులో వాట్సాప్ సెట్టింగుల్లో చాట్స్ అని ఉంటుంది, అందులో ట్రాన్స్‌ఫర్ చాట్స్. కొత్త ఫోనులో వాట్సాప్ మొదలుపెడుతున్నప్పుడే పాత చాట్లు తెచ్చుకుంటారా అని అడుగుతుంది, క్యూఆర్ కోడ్ చూపిస్తుంది. దాన్ని పాత ఫోనుతో స్కాన్ చేస్తే ఫోను నుంచి ఫోనుకే నేరుగా వెళ్తాయి. డేటా ఖర్చు ఉండదు. రెండూ పక్కపక్కనే ఉండాలి, చార్జింగులో ఉండాలి, మధ్యలో ముట్టుకోకూడదు. కటింగ్ బల్ల మీద రెండు ఫోన్లూ పెట్టి, అక్క పక్కనే కూర్చుని కాజాలు కుట్టింది. పాత ఫోను నిదానం వల్ల రెండున్నర గంటలు పట్టింది.

యూపీఐ నాలుగోరోజు. ఇక్కడ ఫోను మారినట్టు బ్యాంకుకు తెలియాలి. మీ సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ దానంతటదే వెళ్తుంది. కాబట్టి బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్మే కొత్త ఫోనులో ఉండాలి, దాంట్లో ఎస్సెమ్మెస్ పంపే బ్యాలెన్సు ఉండాలి. మొదటి 24 గంటల్లో ఐదువేలకు మించి పంపనివ్వరు. అక్క ఆ రోజే లైనింగ్ కొట్టుకు ఏడువేలు కట్టాలి. ముందే తెలుసు కాబట్టి నగదు తెచ్చి పెట్టుకున్నాం. ఫోను మార్చే రోజున పెద్ద చెల్లింపు పెట్టుకోకండి. కొత్త ఫోను యాక్టివేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి అని ఎవరైనా ఫోను చేస్తే పెట్టేయండి. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి చేయాలి, ఆలస్యం చేసేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

అన్నీ వచ్చేశాయి, ఇక అయిపోయింది అనుకున్నాను. ఐదోరోజు అక్క పాత ఫోను తీసి, "కాల్ రికార్డింగులు రాలేదురా" అంది. ఆ పాత ఫోనులో కాల్ వస్తే దానంతటదే రికార్డయ్యే సదుపాయం ఉండేది. కొలతలు ఫోనులో చెప్పేవాళ్ల కోసం అక్క దాన్ని ఆన్ చేసి పెట్టుకుంది. ఇప్పుడు వస్తున్న చాలా ఫోన్లలో రికార్డు మొదలుపెడితే, ఈ కాల్ రికార్డవుతోందని అవతలివాళ్లకు వినిపిస్తుంది. అది న్యాయమే. కొలతలవి పోతే పోనీలే, మళ్లీ అడగొచ్చు అన్నాను. అక్క ఏమీ మాట్లాడకుండా ఒకటి వెతికి ప్లే చేసింది. అమ్మ గొంతు. గోంగూర పచ్చడి పెట్టాను, ఆదివారం వచ్చి పట్టుకెళ్లు, తమ్ముడికి కూడా పంపించు అని. 43 సెకన్లు. అమ్మ పోయి నాలుగేళ్లు. ఆ రికార్డింగు అక్క దగ్గర ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇలాంటి రికార్డింగు వాట్సాప్‌తో రాదు, గూగుల్ బ్యాకప్‌తో రాదు. ఫోను స్టోరేజీలో రికార్డింగులని వేరే ఫోల్డరు ఉంటుంది, చేత్తో వెతికి పంపుకోవాలి. ఆ ఫోల్డరంతా కొత్త ఫోనుకు, ఒక పెన్‌డ్రైవుకు, నా ఫోనుకు ఎక్కించాం. ఫోను మార్చేవాళ్లు ఆ ఫోల్డరు ఒక్కసారి తెరిచి చూడండి.

పాత ఫోను అమ్మేవాళ్లకు చెప్పాల్సింది కొంచెమే. మెమరీ కార్డు తీసేయండి. సెట్టింగుల్లో గూగుల్ ఖాతా తొలగించి, ఆ తర్వాతే ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. ఖాతా తీయకుండా రీసెట్ చేస్తే కొన్నవాళ్ల చేతిలో అది మీ పాస్‌వర్డు అడుగుతూ కూర్చోవచ్చు. కొత్తది కొనలేక సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. కేవైఎం అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ నంబరు రాసి 14422కు ఎస్సెమ్మెస్ చేస్తే ఆ ఫోను వివరాలు చెబుతారు. బ్లాక్ అయిన ఫోనని వస్తే కొనకండి, ఎంత చవకైనా సరే. ఎవరిదో పోయిన ఫోను అయి ఉంటుంది. ఇక మీ ఫోను అప్‌డేట్లు ఇంకా వస్తూ, బ్యాటరీ ఒక్కటే నిలవకపోతే, కొత్తది వద్దు. బ్యాటరీ మార్పించుకోండి. వెనక మూత ఉబ్బి ఉంటే మాత్రం ఒక్కరోజు కూడా ఆగకండి, దాన్ని చార్జింగులో పెట్టకండి.

అక్క తన పాత ఫోనుకు బ్యాటరీ వేయించింది. 700 అయింది. సిమ్ లేదు, నెట్ లేదు, ఖాతాలు తీసేశాం. మరి ఎందుకక్కా అంటే, కొత్తదాంట్లో రేడియో లేదురా అంది. నిజమే, చాలా కొత్త ఫోన్లలో ఎఫ్‌ఎం తీసేశారు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖ ఫోన్లలో ఎఫ్‌ఎం ఉంచండని కంపెనీలకు సూచన పంపింది కూడా. తుఫాను వచ్చి టవర్లు పడిపోయినప్పుడు కోస్తా ఊళ్లలో పనికొచ్చేది అదే. కొనేటప్పుడు ఈ సంగతి అడగడం నేను మరిచాను. అక్క అంత పట్టించుకుంటుందని అనుకోలేదు.

ఇప్పుడు ఆ పాత ఫోను అక్క గదిలో అద్దం పక్కన మేకుకు వేలాడుతోంది. ఇయర్‌ఫోను తీగే దానికి యాంటెన్నా. ఆ తీగను కిటికీ ఊచకు చుట్టి, చప్పుడు స్పీకరులో పెట్టుకుంటుంది. మిషను తొక్కుతున్నంతసేపూ విజయవాడ కేంద్రం వస్తుంటుంది. ఈ ప్రసంగం ఏ రోజు, ఎన్ని గంటలకు అని అడిగింది. చెప్పాను. ఆ పూట మిషను ఆపి వింటానంది.